రెండు ఇంజన్లు తగిలిస్తే భారీ బాంబర్ అయిపోతుందా?

మీరు అడిగినవి మూడు సంగతులు. ఒకటి: 1914 నాటికే విమానాలు బాగానే ఎగురుతున్నాయి కదా, రెక్కలు పొడుగు చేసి ఇంకో ఇంజను తగిలిస్తే భారీ బాంబర్ వచ్చేయాలి, మరి అది మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగడానికి రెండేళ్ళు ఎందుకు పట్టింది? రెండు: ఒక ఇంజను ఆగిపోయినా రెండోదానితో ఇంటికి వచ్చేసేవాళ్ళా? మూడు: ఆ విమానాలు మన దేశం దాకా ఎప్పుడైనా వచ్చాయా? ఈ మూడింటికీ ఒకే కుటుంబం కథలో జవాబులున్నాయి. అది బ్రిటన్‌లో తయారైన హ్యాండ్లీ పేజ్ ఓ/100, దాని తర్వాత వచ్చిన ఓ/400, వి/1500.

నేను ముప్పై ఏళ్ళు విమాన నిర్మాణాల పరీక్షల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. నా పని ఎక్కువగా కంపనాలతోనే. అంటే కొత్త విమానాన్ని నేల మీదే పెట్టి ఊపి, ఏ భాగం ఏ వేగంతో ఊగుతుందో కొలవడం. కాబట్టి నా జవాబు తోక వైపు కాస్త ఎక్కువ మొగ్గుతుంది. ఆ మొగ్గుకు కారణం ఉంది, చదివితే మీకే తెలుస్తుంది.

ముందు రష్యా వాళ్ళకు దక్కాల్సిన గౌరవం వాళ్ళకు ఇచ్చేయాలి. నాలుగు ఇంజన్ల విమానాన్ని ముందుగా ఎగరేసింది ఇగోర్ సికోర్‌స్కీ, 1913లో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. అప్పటికి ఆయన వయసు 24 దాటలేదు. అంతకు ముందు ఆయన నడుపుతున్న ఒక ఇంజను విమానం గాల్లో ఆగిపోయి, బలవంతంగా దిగాల్సి వచ్చింది. చూస్తే కార్బురేటర్ సన్న రంధ్రంలో ఒక దోమ ఇరుక్కుని ఉంది. ఒక దోమ మనిషి ప్రాణం తీసేలా ఉంటే ఇక ఒక్క ఇంజనును నమ్మి లాభం లేదనుకున్నాడు. 1913 డిసెంబరులో ఎగిరిన ఆయన నాలుగు ఇంజన్ల విమానం ఇల్యా మురోమెట్స్‌లో అద్దాల గది, కూర్చోవడానికి పేము కుర్చీలు, కరెంటు దీపాలు, ఇంజను పొగగొట్టాల వేడితో వెచ్చదనం, చివరికి మరుగుదొడ్డి కూడా ఉన్నాయి. 1914 ఫిబ్రవరిలో అది 16 మందినీ ఒక కుక్కనూ ఎక్కించుకుని ఎగిరింది. ఆ వేసవిలో పీటర్స్‌బర్గ్ నుంచి కీవ్‌కు వెళ్ళి తిరిగొచ్చింది. దారిలో పెట్రోలు గొట్టం తెగి ఇంజను దగ్గర మంట లేస్తే, సిబ్బంది ఎగురుతున్న విమానం రెక్క మీదికి పాక్కుంటూ వెళ్ళి కోట్లతో కొట్టి ఆర్పారు.

ఇంత గొప్ప విమానం యుద్ధం మొదలవగానే ఎందుకు తడబడిందో చూడండి. దాని ఇంజన్లు జర్మనీవి, ఆర్గస్ కంపెనీవి. యుద్ధం జర్మనీతోనే. సరఫరా ఒక్క రోజులో బంద్. ఆ తర్వాత సామ్సన్, సన్‌బీమ్, రెనో, సొంతంగా తయారుచేసుకున్నవి, ఏది దొరికితే అది పెట్టుకుంటూ నెట్టుకొచ్చారు. ఒక్కోసారి ఒకే విమానానికి రెండు రకాల ఇంజన్లు. డిజైన్ చేతిలో ఉన్నా గుండె దొరకని పరిస్థితి. మీ మొదటి ప్రశ్నకు జవాబులో మొదటి సగం ఇదే: తగిలించడానికి తగిన ఇంజనంటూ ముందు ఉండాలి.

ఇక బ్రిటన్‌కు వద్దాం. 1914 డిసెంబరులో నౌకాదళ విమాన విభాగం అధిపతి మర్రే స్యూటర్, ఫ్రెడరిక్ హ్యాండ్లీ పేజ్‌ను పిలిపించాడు. అప్పటికి యుద్ధరంగం నుంచి చార్లెస్ శామ్సన్ అనే నౌకాదళ విమాన అధికారి పంపిన కబురు స్యూటర్ దగ్గరుంది. చిన్న విమానాల్లోంచి చేత్తో విసిరే బాంబులు చాలవు, జర్మన్లకు పక్షవాతం వచ్చినట్టు కాళ్ళూ చేతులూ పడిపోయే విమానం కావాలన్నది దాని సారం. తిట్టు మాట కలిపి మరీ రాశాడాయన. ఆ నెలాఖరుకల్లా నాలుగు నమూనా విమానాలకు ఆర్డరు వచ్చింది. డిజైన్ చేసినవాడు జార్జ్ వోల్కర్ట్, చాలా చిన్న వయసువాడు. రెక్కల పొడవు 100 అడుగులు, అంటే సుమారు 30 మీటర్లు. పేరులోని 100 అదే.

మొదట అనుకున్నది ఒక్కోటి 150 గుర్రాల శక్తి (హార్స్‌పవర్) ఉన్న సన్‌బీమ్ ఇంజన్లు రెండు. వాటితో ఇది లేచేది కాదేమో. అదృష్టవశాత్తూ అదే సమయానికి హెన్రీ రాయిస్ తన మొదటి విమాన ఇంజను మీద పని చేస్తున్నాడు. 12 సిలిండర్లు వి ఆకారంలో, నీటితో చల్లబడే ఇంజను. పేరు ఈగిల్. అప్పటిదాకా రోల్స్ రాయిస్ కార్ల కంపెనీ మాత్రమే. ఆ కంపెనీ విమాన ఇంజను మొదటిసారి గాల్లోకి లేచింది ఓ/100 రెక్కల మధ్యే, 1915 డిసెంబరు 17న, లండన్ శివారు హెండన్‌లో. మొదట్లో ఒక్కోటి 250 గుర్రాలకు అటూ ఇటూ ఇచ్చేది, యుద్ధం చివరికి ఈగిల్ 8 రకం 360 గుర్రాల దాకా వచ్చింది. ఈ ఇంజను రాకపోతే నేను ఇప్పుడు చెప్పబోయే కథే లేదు.

ఇంజను దొరికింది సరే, రెక్కలు పొడుగు చేస్తే సరిపోదా? ఇక్కడ లెక్క అడ్డం పడుతుంది. ఒక విమానాన్ని అన్ని వైపులా రెండింతలు చేయండి. రెక్క వైశాల్యం నాలుగింతలవుతుంది, బరువు ఎనిమిదింతలవుతుంది. మోసే రెక్క నాలుగింతలే, మోయాల్సిన బరువు ఎనిమిదింతలు. ఇల్లు కట్టేటప్పుడు పది అడుగుల గదికి సరిపోయిన దూలాన్నే ఇరవై అడుగుల హాలుకు వేస్తే ఏమవుతుందో మేస్త్రీని అడిగితే చెబుతాడు. కాబట్టి పెద్ద విమానంలో ప్రతి కర్రా చిన్న విమానంలోని కర్ర కంటే తెలివిగా ఉండాలి. హ్యాండ్లీ పేజ్ వాళ్ళు స్ప్రూస్ కర్రను లోపల తొలిచి, రెండు ముక్కలు జిగురుతో అతికి, పైన బట్ట చుట్టి వాడారు. నిండు కర్ర కంటే బరువు చాలా తక్కువ, వంగడానికి ఎదురు నిలిచే బలం మాత్రం పెద్దగా తగ్గదు. మన వెదురు చేసే పనే అది. వెదురుబొంగు బోలుగా ఉంటుందనే కదా నిచ్చెనకు వాడతాం.

ఇంకో చిక్కు, దీన్ని ఎక్కడ పెట్టాలి? 30 మీటర్ల రెక్కలున్న విమానం పట్టే షెడ్లు అప్పట్లో లేవు. అందుకే రెక్కలు వెనక్కి మడిచేలా డిజైన్ చేయమని నౌకాదళం ముందే షరతు పెట్టింది. ఈ ఒక్క షరతు ఎన్ని తలనొప్పులు తెచ్చిందో రాసుకుంటూ పోతే అదో పెద్ద జవాబవుతుంది. మడత కీలు దగ్గర బలం తగ్గకూడదు, కంట్రోల్ తీగలు మడిచినప్పుడు తెగకూడదు, ఇంజన్లు మడతకు అడ్డం రాకూడదు. మొదటి విమానాన్ని రాత్రిపూట, రెక్కలు మడిచి, రోడ్డు మీద మనుషులతో లాగించుకుంటూ హెండన్ తీసుకెళ్ళారు. అడ్డొచ్చిన చెట్ల కొమ్మలు నరుక్కుంటూ వెళ్ళాల్సి వచ్చింది.

మొదటి నమూనాకు పైలట్ చుట్టూ అద్దాల గది, ఉక్కు కవచం పెట్టారు. కాగితం మీద బాగుంది. గాల్లో ఆ గది నిలవలేదు, కవచం బరువుకు విమానం ఈడవలేకపోయింది. రెండో నమూనాకల్లా గదీ పోయింది, కవచంలో చాలా భాగం పోయింది. ఆ తర్వాత యుద్ధమంతా ఈ విమానాల సిబ్బంది బయటి గాలికే కూర్చుని, తోలు కోట్లు వేసుకుని, గంటల తరబడి రాత్రి చలిలో ఎగిరారు.

ఇప్పుడు అసలు కథ, తోక.

ఓ/100 తోకను పెట్టె గాలిపటంలా ఊహించుకోండి. పైనొక పలక, కిందొక పలక, మధ్యలో చుక్కానులు. ఆ పలకల వెనక అంచున ఎడమవైపు, కుడివైపు ఎలివేటర్లు. పైలట్ స్టీరింగు కర్రను వెనక్కి లాగితే ఇవి లేచి ముక్కు పైకి వస్తుంది. ఎడమ ఎలివేటర్లకు వేరే తీగలు, కుడి ఎలివేటర్లకు వేరే తీగలు. రెండూ ఒకే కర్రకు కట్టి ఉన్నాయి కాబట్టి ఎప్పుడూ కలిసే కదులుతాయని అందరూ అనుకున్నారు. మామూలుగా ఆలోచిస్తే అలాగే అనిపిస్తుంది.

విమానం వేగం పెంచగానే తోక వణకడం మొదలుపెట్టింది. మామూలు అదురు లాంటిది కాదది. మొండెం మొత్తం మెలిపడుతూ, విప్పుకుంటూ, మళ్ళీ మెలిపడుతూ ఉండేది. ఇద్దరు చెరో కొస పట్టుకుని తడి దుప్పటి పిండుతారు చూడండి, సరిగ్గా ఆ కదలిక. ముందు వైపు రెక్కలు గట్టిగా పట్టుకుని ఉంటాయి, వెనక వైపు తోక అటూ ఇటూ తిరుగుతుంది. మొండేనికి ఇంకా బలమైన కర్రలు వేశారు. వణుకు పూర్తిగా పోలేదు. బలం చాలకపోవడమే జబ్బు అనుకున్నప్పుడు ఇంజనీరు చేసే మొదటి పని అదే, ఇంకొంచెం దిట్టంగా కట్టడం. నేనూ ఎన్నోసార్లు అలాగే మొదలుపెట్టాను.

అప్పుడు ఫ్రెడరిక్ లాంచెస్టర్‌ను పిలిచారు. ఆయన ఎవరో తెలిస్తే ఆయన్నే ఎందుకు పిలిచారో అర్థమవుతుంది. బర్మింగ్‌హామ్‌లో కార్లు తయారుచేసిన మనిషి. కారు ఇంజనులో క్రాంక్ షాఫ్ట్ మెలిపడుతూ వణికి విరిగిపోయే జబ్బుకు మందు కనిపెట్టినవాడు. ఆ షాఫ్ట్ కొసకు తగిలించే కంపన నిరోధకాన్ని ఇప్పటికీ లాంచెస్టర్ డ్యాంపర్ అనే అంటారు. మెలిక కంపనం ఎలా ఉంటుందో ఆయనకు అరచేతిలో గీతలంత పరిచయం. పైగా 1907 నాటికే రెక్క మీద గాలి పనితీరు గురించి లోతుగా రాసినవాడు. ఆయన చూసి చెప్పింది ఇది. ఎలివేటర్లు రెండూ కలిసి కదలడం లేదు. ఎడమది లేచినప్పుడు కుడిది వాలుతోంది, కుడిది లేచినప్పుడు ఎడమది వాలుతోంది. తీగలు సాగుతాయి కదా, పైలట్ కర్ర కదలకపోయినా ఆ సాగుడు చాలు. ఎడమది లేచి కుడిది వాలితే గాలి తోకను ఒకవైపు తిప్పుతుంది, మొండెం మెలిపడుతుంది. మొండెం స్ప్రింగులా వెనక్కి విప్పుకుంటుంది. ఆ విప్పుకునే ఊపులో ఎలివేటర్లు అటుది ఇటు, ఇటుది అటు తిరగబడతాయి. మళ్ళీ మెలిక. ఊయలను సరైన సమయంలో తోస్తే ప్రతి తోపుకూ ఊపు పెరిగినట్టు, ఇక్కడ ఆ తోసే చెయ్యి గాలిది. విమానం వేగంగా పోతున్నంతసేపూ ఆ చెయ్యి అలసిపోదు.

మందు ఏమిటో తెలుసా? ఎడమ ఎలివేటరునూ కుడి ఎలివేటరునూ కలుపుతూ ఒక గట్టి గొట్టం. మా భాషలో టార్క్ ట్యూబ్. రెండూ ఒకే ఇరుసు మీద ఉంటే ఒకటి లేచి ఒకటి వాలే ప్రశ్నే ఉండదు. గాలి తోయడానికి పట్టు దొరకదు. వణుకు ఆగిపోయింది. టెడింగ్టన్‌లోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో లెనార్డ్ బెయిర్‌స్టో, ఆర్థర్ ఫేజ్ దీనికి గణితం రాశారు. అదీ 1916లోనే. ఈ రోజు మేం ఫ్లట్టర్ అని పిలిచే జబ్బు మీద జరిగిన మొదటి పరిశోధన ఇదేనని మా రంగంలో అందరూ ఒప్పుకుంటారు.

బాధపెట్టే విషయం ఒకటుంది. మరుసటి ఏడాదే డీహెచ్.9 అనే మరో బ్రిటిష్ బాంబర్‌కు ఇదే జబ్బు వచ్చింది, మనుషులు చనిపోయారు. మందు కూడా అదే, ఎలివేటర్లను కలిపే గొట్టం. ఒకచోట నేర్చుకున్నది పక్క కంపెనీ డ్రాయింగ్ బల్ల దాకా చేరడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది ఖరీదు ప్రాణాలు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక చిన్న శిక్షణ విమానం తోకకు కంపన పరీక్ష పెట్టాం. టైర్లలో గాలి సగం తీసి విమానాన్ని మెత్తగా నిలబెట్టాం, తోక కింద ఊపే యంత్రం బిగించాం. మా సీనియర్ కొలత పరికరాలు చూడనివ్వలేదు. "ముందు చెయ్యి పెట్టి చూడు" అన్నారు. మొండెం వెనక నిలబడి, ఎడమ అరచెయ్యి ఎడమ ఎలివేటరు అంచుకు, కుడిది కుడి అంచుకు ఆనించాను. ఆయన నెమ్మదిగా ఊపు వేగం పెంచుతూ పోయారు. కొంతసేపు రెండు చేతులూ కలిసి లేచాయి, కలిసి దిగాయి. ఒక వేగం దగ్గర హఠాత్తుగా ఎడమ చెయ్యి లేస్తుంటే కుడి చెయ్యి దిగడం మొదలైంది. పొట్టలో ఏదో తిరిగినట్టయింది. ఆ రెండు ఎలివేటర్లకూ మధ్య గొట్టం ఉంది కాబట్టి ఆ కదలిక చాలా చిన్నది, విమానం ఎగిరే వేగాల్లో గాలి దాన్ని పెంచలేదని తర్వాత లెక్కలు చూపించాయి. కానీ ఆ గొట్టమే లేని రోజుల్లో, 19 మీటర్ల పొడవున్న కర్ర మొండెం చివర ఆ తోక ఎలా ఊగి ఉంటుందో ఆ క్షణంలో నా అరచేతులకు తెలిసింది. అందుకే అన్నాను, నా జవాబు తోక వైపు మొగ్గుతుందని.

కాబట్టి రెండేళ్ళు ఎందుకు పట్టింది అంటే: తగిన ఇంజను పుట్టాలి, బరువు లెక్క కుదరాలి, షెడ్డులో పట్టాలి, అన్నిటికీ మించి అంత పెద్దది కట్టాక మాత్రమే బయటపడే జబ్బులు బయటపడి నయం కావాలి. చిన్న విమానం మొండెం పొట్టిగా, బిర్రుగా ఉంటుంది. అందులో ఈ మెలిక దాగి ఉంటుంది. పెద్దది కట్టేదాకా అది అక్కడుందని ఎవరికీ తెలియదు.

1916 చివరికి ఓ/100లు ఫ్రాన్స్‌లోని డంకర్క్ చేరాయి. 1917 జనవరి 1న ఒకటి దారితప్పి, మబ్బుల్లోంచి దిగి, లాన్ పట్టణం దగ్గర జర్మన్ల భూమి మీద చక్కగా వాలింది. చెక్కుచెదరని విమానం శత్రువు చేతికి చిక్కింది. మొదట్లో పగలు కూడా వాడి చూశారు. ఏప్రిల్‌లో ఒకదాన్ని పోగొట్టుకున్నాక పూర్తిగా రాత్రి పనికి మారిపోయారు. గంటకు 120 కిలోమీటర్లు మాత్రమే పోయే ఇంత పెద్ద లక్ష్యం పగలు ఎగరడం ఆత్మహత్యే. 112 పౌండ్ల బాంబులు 16 పట్టేవి, అంటే 800 కిలోలు. మొండెంలోపల ఒక్కో బాంబును ముక్కు పైకి ఉండేలా నిలువునా వేలాడదీసేవారు. కింద తేనెపట్టులా గళ్ళు, ఒక్కో గడికి స్ప్రింగు మూత. బాంబు తన బరువుతోనే మూత తోసుకుని పడిపోయేది, వెనకే మూత మూసుకునేది. ఎంత సాదా ఏర్పాటో చూడండి. మోటారు లేదు, మీట లేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఒక ఇంజను ఆగితే?

కావడి మోసేవాణ్ణి తలుచుకోండి. ఒక బుట్ట జారిపోతే మిగిలింది సగం బరువే కదా అని వాడు సులువుగా నడవలేడు, రెండో బుట్ట వాణ్ణి తన వైపు తిప్పేస్తుంది. రెక్క మీద ఒక ఇంజను ఆగితే విమానం పరిస్థితి అదే. బతికున్న ఇంజను విమానాన్ని చచ్చిన ఇంజను వైపు తిప్పుతుంది. దాన్ని ఆపడానికి పైలట్ చుక్కానిని ఒకవైపు తొక్కిపట్టి ఉంచాలి, కాలు నొప్పి పుడుతుంది. ఆగిన ఇంజను పంకా గాలికి అడ్డం. అప్పట్లో పంకా రెక్కలను గాలికి అంచు చూపేలా తిప్పే ఏర్పాటు లేదు. కాబట్టి సగం శక్తి మిగిలిందని లెక్క వేసుకున్నా, ఆ సగంలోనూ చాలా భాగం ఈ ఈడ్పుకే పోతుంది. ఎత్తు నిలబడదు, నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది.

దీనికి ఒక సాక్ష్యం ఉంది. 1917లో ఒక ఓ/100ను ఇంగ్లండ్ నుంచి యూరప్ మీదుగా ఏజియన్ సముద్రంలోని ముద్రోస్‌కు ఎగరేసుకెళ్ళారు. జులైలో అది కాన్‌స్టాంటినోపుల్ దాకా వెళ్ళి, అక్కడి యుద్ధనౌక గోబెన్ మీద బాంబులు వేసి వచ్చింది. సెప్టెంబరు చివర మరో రాత్రి బయల్దేరినప్పుడు ఒక ఇంజను పోయింది. పైలట్ మిగిలిన ఇంజనుతో వంద కిలోమీటర్లకు దగ్గరగా ఈడ్చుకొచ్చాడు. ముద్రోస్ మాత్రం చేరలేకపోయాడు. సముద్రంలో దిగాల్సి వచ్చింది, సిబ్బంది ముగ్గురూ తుర్కుల చేతికి చిక్కారు. ఆ పైలట్ పేరు జాన్ ఆల్కాక్. యుద్ధం ముగిశాక 1919 జూన్‌లో ఆర్థర్ బ్రౌన్‌తో కలిసి ఆగకుండా అట్లాంటిక్ దాటిన ఆల్కాకే. ఆ ప్రయాణంలో కూడా ఆయన్ను మోసినవి రెండు ఈగిల్ 8 ఇంజన్లే, విమానం మాత్రం వికర్స్ వాళ్ళది. రెండో ఇంజను ఆ రోజుల్లో ఇచ్చేది కొంత గడువు. దిగడానికి చోటు వెతుక్కునేంత గడువు. సముద్రం మీద, శత్రు భూమి మీద అది ఒక్కోసారి చాలేది, ఒక్కోసారి చాలేది కాదు.

ఓ/400 గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది కొత్త ఆలోచన కంటే ఓపికగా చేసిన దిద్దుబాటు. ఓ/100లో పెట్రోలు ట్యాంకులు ఇంజన్ల వెనకే, అదే తొడుగులో ఉండేవి. వాటిని మొండెంలోకి మార్చారు, ఇంజను తొడుగులు పొట్టివయ్యాయి. ఓ/100లో ఎడమ పంకా ఒకవైపు, కుడి పంకా ఇంకోవైపు తిరిగేవి. దానికోసం రోల్స్ రాయిస్ రెండు రకాల ఇంజన్లు చేయాల్సి వచ్చేది. కుడి ఇంజను చెడితే ఎడమదాని విడిభాగం పనికిరాదు. ఓ/400లో రెండూ ఒకేవైపు తిరిగేలా చేసి, పక్కకు లాగే గుణాన్ని తోక నిలువు పలకను కొంచెం వంకరగా బిగించి సరిచేశారు. ఫ్యాక్టరీ మనిషిగా నాకు ఈ మార్పు చాలా ఇష్టం. దీనివల్ల ఉత్పత్తి ఎంత సులువైందో డిజైనర్లకంటే స్టోర్స్‌లో పనిచేసినవాళ్ళకు బాగా తెలుస్తుంది. జర్మన్ గోథా బాంబర్లు 1917 జూన్ 13న పట్టపగలు లండన్ మీద పడి 162 మందిని చంపాక పెద్ద ఆర్డర్లు వచ్చాయి. ఓ/100లు 46 మాత్రమే తయారైతే, ఓ/400లు ఐదు వందలు దాటాయి. 1918 సెప్టెంబరు 14 రాత్రి ఒకేసారి 40 విమానాలు బయల్దేరాయి.

ఇక్కడ హైదరాబాద్ పేరు వస్తుంది. ఈ రాత్రిపూట బాంబర్లు పనిచేసింది జనరల్ ట్రెంచర్డ్ నడిపిన ఇండిపెండెంట్ ఫోర్స్ అనే బ్రిటిష్ బాంబర్ల దళం కింద. అదే ఫోర్స్‌లో పగటి పూట ఎగిరిన దళాల్లో ఒకటి 110వ స్క్వాడ్రన్. దాని డీహెచ్.9ఏ విమానాలు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన కానుక, ఆ సంగతి ఒక్కో విమానం మీదా రాసి ఉండేది. అందుకే ఆ దళానికి 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అనే పేరు నిలిచింది. పైన తోక జబ్బుతో మనుషుల్ని పోగొట్టిన డీహెచ్.9 అని చెప్పాను కదా, దాన్ని మరో ఇంజనుతో సరిదిద్ది చేసిందే ఈ 9ఏ. మన దగ్గర వసూలైన శిస్తు డబ్బు ఫ్రాన్స్ ఆకాశంలో ఎగిరిందన్నమాట.

చివరిది వి/1500. ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ నుంచి లేచి బెర్లిన్ మీద బాంబులు వేయాలన్నది దాని పని. 126 అడుగుల రెక్కలు, నాలుగు ఈగిల్ ఇంజన్లు, ఒకదాని వీపుకు ఒకటి ఆనించి రెండు జంటలుగా. ముందుది లాగుతుంది, వెనకది తోస్తుంది. మొదటి విమానం 1918 మే 22న ఎగిరింది, జూన్‌లో కూలిపోయింది. నవంబరు 11న యుద్ధవిరమణ వచ్చేనాటికి మూడు మాత్రం సిద్ధంగా ఉన్నాయి. బెర్లిన్ తప్పించుకుంది.

ఇక మన దేశం సంగతి, మీ మూడో ప్రశ్న. ముందుగా వచ్చింది ఓ/400. పాలస్తీనాలో తుర్కుల మీద బాంబులు వేసిన అదే విమానాన్ని రాస్ స్మిత్, బ్రిగేడియర్ జనరల్ బోర్టన్ 1918 నవంబరు చివర్లో కైరోలో తీసుకుని, కరాచీ, ఢిల్లీల మీదుగా డిసెంబరులో కలకత్తా చేర్చారు. తర్వాత అది ఇక్కడే గాలివానకు నాశనమైంది. దాని వెనకే వి/1500 వచ్చింది. పేరు 'ఓల్డ్ కార్తూజియన్'. మేజర్ మెక్‌లారెన్, కెప్టెన్ హాలీ 1918 డిసెంబరు 13న ఇంగ్లండ్‌లో బయల్దేరి, ఇంజన్లతో అవస్థలు పడుతూ, జనవరి మధ్యలో కరాచీలో దిగారు. 1919 మేలో అఫ్గాన్ యుద్ధం మొదలైంది. మే 24న హాలీ దాన్ని పెషావర్ పక్కనున్న రిసాల్పూర్ నుంచి లేపి, కొండలు దాటి, కాబూల్ మీదికి తీసుకెళ్ళాడు. 112 పౌండ్లవి నాలుగు, 20 పౌండ్లవి 16 బాంబులు. బెర్లిన్ కోసం కట్టిన దానికి ఇది చాలా తక్కువ బరువు. కానీ మే నెల వేడిలో పల్చబడిన గాలితో ఆ కొండల మీదికి ఎక్కాలంటే అంతకు మించి కుదరదు. అఫ్గాన్ రాజు అమానుల్లా రాజభవనం మీద బాంబులు పడ్డాయి. ఆ ఒక్క దాడితోనే యుద్ధం ముగిసిందని కొన్నిచోట్ల రాస్తుంటారు, నేనది ఒప్పుకోను. సంధి జరిగింది ఆగస్టులో, రావల్పిండిలో. ఆ సంధిలో అఫ్గానిస్తాన్ తన విదేశీ వ్యవహారాల హక్కు తానే దక్కించుకుంది. భయపడి లొంగినవాళ్ళకు దక్కేది కాదది. ఊళ్ళో ఆడవాళ్ళూ పిల్లలూ ఉండగా రాత్రుళ్ళూ పగళ్ళూ పైనుంచి బాంబులు వేసే అలవాటును పెంచినవాటిలో ఈ యంత్రాలూ ఉన్నాయి. వాటి ఇంజనీరింగును ఇంత ప్రేమగా చెబుతూ ఆ మాట దాచడం నాకు చేతకాదు.

ఆ విమానం మళ్ళీ ఇంగ్లండ్ వెళ్ళలేదు. విప్పి చూస్తే రెక్కల్లోని స్ప్రూస్ దూలాలకు చెదలు పట్టి ఉన్నాయి.